మగ్గం గుంతలో బాతు

మా తమ్ముడు నాగరాజు కోడలు శిరీష వంటింటి గట్టు మీద ఒక తెల్లటి ప్లాస్టిక్ పెట్టె పెట్టుకుంది. చూడగానే వంట మిషన్ అనుకున్నాను. ఈ కాలపు పిల్లలు అన్నానికి ఒకటి, పప్పుకు ఒకటి, నూనె లేకుండా వేపడానికి ఒకటి కొంటారు గదా, ఇది ఆ వరసలో ఇంకోటి అయ్యుంటుందని మూతకున్న అద్దంలోంచి తొంగి చూశాను. లోపల వరసగా బాతుగుడ్లున్నాయి. చిన్న బల్బు వెలుగుతోంది. నేను చూస్తుండగానే గుడ్లన్నీ ఒక్కసారిగా, మెల్లగా, ఒక పక్కకు ఒరిగాయి. ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. గుడ్లు పొదిగే పెట్టెట అది. తల్లి బాతు ముక్కుతో గుడ్లను తిప్పినట్టు అదే తిప్పుతుందట. పెరట్లో శిరీషకు అరడజను బాతులున్నాయి, గుడ్లు పెడతాయి గానీ ఒక్కటీ కూర్చోదు. అందుకని ఈ ఏర్పాటు.

అంతలో శిరీష చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టె పక్కనున్న చిన్న సందులోంచి పోసింది.

"కరెంటు పెట్టెలో నీళ్లేందే తల్లీ, షాక్ కొడతాదేమో!" అన్నాను.

"అడుగున తొట్టి ఉండాది పెద్దమ్మా. లోపల తేమ లేకపోతే పిల్ల గుడ్డుకే అతుక్కోని చచ్చిపోతాదంట. బాతుగుడ్లకు కోడిగుడ్ల కంటే ఇంకా తేమ కావల్లంట. మన ఎండల్లో శానా జాగ్రత్తగా చూసుకోవల్ల" అంది.

నేను గట్టిగా నవ్వేశాను. ఇన్నేళ్లుగా నేను మా చిన్నప్పటి కథ ఒకటి ఎందరికో చెప్పాను, చెప్పిన ప్రతిసారీ అది ఒక తిక్క బాతు కథ అనే చెప్పాను. ఇంత పెరడు, ఇన్ని గంపలు, గడ్డివాము ఉండగా అది పోయి పోయి మా అబ్బ మగ్గం గుంతలో ఎందుకు కూర్చుందో నాకు ఏనాడూ తెలియలేదు. ఇప్పుడు చెంబెడు నీళ్లు చూడగానే తెలిసింది. తిక్క దానిది కాదు, మాదే. శిరీష నా నవ్వు చూసి కాఫీ కలిపి తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఆ పిల్లకు గుంత మగ్గమంటే ఏమిటో తెలియదు. మగ్గం ఉన్న చోట ఇప్పుడు టైల్స్ పరిచి సోఫా వేసుకున్నారు. ఆ సోఫాలోనే కూర్చుని ఆమెకు చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను, నా అలవాటు కొద్దీ కాస్త సాగదీసి.

అబ్బ అంటే మా నాన్న తండ్రి, జేజి అంటే నాన్న తల్లి. మా దిక్కు అట్లాగే పిలుస్తాం. కడప నుంచి ఒంటిమిట్ట పోయే బస్సు మా ఊరి మీదుగానే పోతుంది, మాది నేతగాళ్ల వీధి. నాన్న పొద్దుటూరులో బట్టల అంగడిలో పని చేస్తూ ఆదివారాలకు వచ్చేవాడు. ఇంట్లో మగ్గం అబ్బది. ముందుగదిలో, వాకిలి వెలుతురు పడే చోట, నడుము లోతు గుంత తవ్వి దాని మీద మగ్గం నిలబెట్టారు. అబ్బ ఆ గుంత గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి దింపి, అడుగున ఉన్న రెండు చెక్కలను మార్చి మార్చి తొక్కేవాడు. కుడి చెక్క తొక్కితే పడుగు, అంటే నిలువు పోగులు, సగం పైకి లేచేవి, ఎడమ చెక్క తొక్కితే మిగతా సగం. ఆ సందులో అడ్డపోగు లాక్కుంటూ నాడె అటూ ఇటూ పరుగెత్తేది. ఆ చప్పుడు లేని పగలు మా ఇంట్లో పండగ నాడు తప్ప ఉండేది కాదు. ఆ చప్పుడులోనే నేను నిద్ర లేచాను, అన్నం తిన్నాను, అక్షరాలు దిద్దాను.

మగ్గాన్ని గుంతలో ఎందుకు పెట్టారని ఒకసారి అడిగితే అబ్బ, "ఈ ఎండలకు నూలు ఎండిపోయి పుటుక్కుమంటాది బిడ్డా. నేల లోపల సల్లదనం ఉంటాది. ఆ సల్లదనానికి పోగు మెత్తగా ఉంటాది" అన్నాడు. ఆ చల్లదనం కూడా చాలదని గుంత అడుగున ఇసుక పోసి, మధ్యాహ్నం కాగానే దాని మీద నీళ్లు చల్లేవాడు. బయట రాళ్లు పగిలే ఎండ కాస్తుంటే మా ముందుగదిలో తడి ఇసుక వాసన వచ్చేది. అప్పుడప్పుడు నేనూ మా తమ్ముడూ గుంతలోకి దిగి ఆ ఇసుకలో అరికాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. అబ్బకు కోపమెక్కువ, మాట తక్కువ. మమ్మల్ని చూడగానే నాడెతో మగ్గం కర్ర మీద టక్కున ఒకటి కొట్టేవాడు. అంతే, మేం పరుగు.

ఇక బాతులు జేజి సంసారం. వరికోతలు అయిపోయాక చెరువు కింది పొలాల్లోకి నెల్లూరు దిక్కు నుంచి బాతులోళ్లు పెద్ద మందలు తోలుకొచ్చేవాళ్లు. ఒకసారి మందతో నడవలేని ఒక కుంటి బాతును జేజి చేతిలో పెట్టి, రెండు జొన్నరొట్టెలు తీసుకుని వెళ్లిపోయారు. తర్వాత ఏటేటా ఇంకో రెండు మూడు, ఒక మగబాతు కూడా చేరాయి. మా ఇంట్లో వాటి పోషణకు కొదవ లేదు. పడుగుకు గంజి పట్టించే రోజు తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు పరిచి, మగవాళ్లు కుంచెలతో గంజి రుద్దేవాళ్లు. వీధంతా పులిసిన గంజి వాసన. మిగిలిన గంజి మా పెరట్లో రాతి తొట్టిలోకి చేరేది, బాతులు మూతులు ముంచి జుర్రుకునేవి. ఒకసారి మగబాతు నూలు అద్దకం పెట్టిన కాగులో దిగి, పొట్ట కింద ఎర్రగా లేచింది. అది వీధిలో నడుస్తుంటే పిల్లలంతా పెండ్లికొడుకని వెంటపడేవాళ్లు. రంగు వదిలే దాకా దానికి ఆ బిరుదు తప్పలేదు.

ఆ బాతులోళ్లు జేజికి ముందే చెప్పారు, "ఈ జాతికి పొదిగేది తెలీదమ్మా, గుడ్డు పెట్టి దాని దోవన అది పోతాది" అని. జేజి దానికి బాధపడలేదు. ఆమెకు పిల్లలను లేపడానికి కోళ్లున్నాయి. కోడి పొదుగుకు కూర్చుందంటే మా ఇంట్లో అదొక పురుడే. గంపలో ఊక పోసి, గుడ్లు సర్ది, ఉరుములకు గుడ్లు చెడకుండా ఇనుప ముక్కా బొగ్గూ పెట్టి, గంపకు పసుపు పూసేది. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. తలస్నానం చేసి తడిజుట్టుతో దగ్గరికి పోకూడదు. కూర్చున్నదాన్ని ఎవరైనా లేపితే ఆ రోజు జేజి నోటికి హద్దు ఉండేది కాదు.

ఆ ఏడు మా ఓబులమ్మత్తకు పెళ్లి కుదిరింది. ఆమె నాన్నకు చెల్లెలు, అబ్బకు చివరి బిడ్డ. నవ్విందంటే వీధి చివరకు వినపడేది. పెళ్లికొడుకుది రాయచోటి, ముహూర్తం ఒంటిమిట్ట రాములవారి గుడిలో. అబ్బ తన జన్మలో ఎన్ని పెళ్లిచీరలు నేశాడో ఆయనకే తెలియదు, కానీ అన్నీ నూలిచ్చే సావుకారు ఇంటికే పోయేవి. మా ఇంటి ఆడవాళ్లు ఆయన నేసిన చీర కట్టింది లేదు. ఈసారి మాత్రం సావుకారుతో మాట్లాడి, పడుగులో చివరి చీర తన బిడ్డకని పెట్టుకున్నాడు. నూలు చీర, జరీ అంచు. ఒళ్లంతా మామిడిపండు రంగు, అంచూ కొంగూ మిరపపండు ఎరుపు. రంగులు అత్తే ఎంచుకుంది. అన్నిటికంటే ఆమె మనసు కొంగు మీద ఉండేది. కడపలో ఎవరో పెద్దింటి పెళ్లిలో చూసిందట, కొంగు భుజం మీంచి దిగి మోకాలు దాటాలి, నడుస్తుంటే వెనక ఊగాలి. అద్దం ముందు అమ్మ పాత చీర కట్టుకుని, కొంగు ఎంత దాకా వదలాలో నాకు చూపించేది. "నాయనా, కొంగుకాడ మాత్రం పిసినారితనం చేయొద్దు" అని అబ్బకు రోజూ చెప్పేది. ఆయన పైకి విసుక్కునేవాడు గానీ, బిడ్డ అట్లా అడగడం ఆయనకు ఎంత ఇష్టమో మాకందరికీ తెలుసు.

చీర మొదలుపెట్టి మూరెడు కూడా నేయకముందే పెళ్లిపనులు మీద పడ్డాయి. చుట్టాలను పిలవడానికి అబ్బ ఊరూరూ తిరిగాడు. మగ్గం మీద పాత దుప్పటి కప్పి వదిలేశాడు. పోతూ పోతూ జేజితో, పడుగు ఎండిపోతుంది, గుంతలో రోజూ నీళ్లు చల్లమని చెప్పాడు. ఆ పని నాకు పడింది. నేను గట్టు మీంచి చెంబుతో చల్లేసి ఆటకు పోయేదాన్ని, లోపలికి తొంగి చూసే ఓపిక ఎక్కడిది? ఆ రోజుల్లోనే జేజి కుంటి బాతు గుడ్లు మానేసిందని, కాదు ముంగిస తినేస్తోందని గొణుక్కుంటూ ఉండేది.

అబ్బ తిరిగొచ్చే ముందు రోజు ఒక కండె దొర్లి గుంతలో పడింది. కండె అంటే నాడెలో పెట్టే నూలు చుట్ట, వాటిని రాట్నం మీద చుట్టడం నా వంతు. తీసుకుందామని దిగి చేయి చాచానో లేదో, మణికట్టు మీద పట్టుకారుతో నొక్కినట్టయింది. కేకపెట్టాను. గుంత మూలన, కాలిచెక్కల వెనక, కుంటి బాతు మెడ చాచి బుసకొడుతోంది. దాని కింద గూడు ఉంది. మగ్గం కింద రాలిన ఎర్రపోగులు, పచ్చపోగులు, పసుప్పోగులు అన్నీ పోగేసి, వాటిలో తన రొమ్ము ఈకలు పీకి కలిపి మెత్తగా పరుచుకుంది. జేజి పరుగెత్తుకొచ్చి చూసి, నోరు నొక్కుకుని, గుంత గట్టు మీదే కూలబడింది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను చాలా తక్కువసార్లు చూశాను. పొదగని జాతి ఆమె ఇంటికొచ్చి పొదుగుకు కూర్చుంది. వెంటనే గుంత గట్టుకు పసుపు పూసింది.

అబ్బ వచ్చి దుప్పటి తీశాడు. బాతును చూశాడు, పసుపు చూశాడు, జేజిని చూశాడు.

"ఏమే, దీన్ని గంపలో ఏసి పెరట్లో పెట్టు. రేపు మగ్గమెక్కల్ల నేను."

"చోటు మారిస్తే కూర్చోదు అది. దాని జాతికే రాని బుద్ధి దీనికొక్కదానికి వచ్చింది. పెండ్లి పెట్టుకున్న ఇంట్లో పొదిగేదాన్ని లేపుతారా ఎవురైనా?"

"పెండ్లికి చీర వద్దా?"

"మూడు వారాలప్పా. పిల్లలు దిగుతానే నీ గుంత నీకిస్తా. పెండ్లికి ఇంకా శానా పొద్దుండాది."

అబ్బ లెక్క వేసుకున్నాడు. మూడు వారాలు పోయినా, మిగిలిన రోజుల్లో ఎడతెగకుండా కూర్చుంటే చీర దిగుతుంది. అత్త ముఖం చూశాడు. పెళ్లికూతురికి అరిష్టమన్నట్టు జేజి మాట్లాడాక ఆమె మాత్రం ఏమంటుంది? "ఉండనీలే నాయనా" అంది. అబ్బ కండువా దులుపుకుని వీధిలోకి పోయాడు. పని లేక అరుగు మీద కూర్చున్న నేతగాడిని మించి చిరాకైన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. వచ్చేపోయే ప్రతివాడినీ ఏదో ఒకటి అనేవాడు. కానీ ఎండ ముదరగానే లేచొచ్చి గుంతలో ఇసుక మీద నీళ్లు చల్లేవాడు. అది పడుగు కోసం. బాతు రోజుకొకసారి లేచి, గూడు మీద పోగులు కప్పి, పెరట్లో తొట్టిలో ఒక మునక వేసి, తడిసిన పొట్టతో అట్లాగే కుంటుకుంటూ వచ్చి మళ్లీ కూర్చునేది. ముందుగదిలో తడి అడుగులు పడేవి, అమ్మ తుడుచుకునేది.

జేజి చెప్పిన రోజు వచ్చింది. పిల్లలు దిగలేదు. మర్నాడూ దిగలేదు. ఇంకో రోజు చూసి అబ్బ గంప పట్టుకొచ్చాడు.

"మురిగిపోయినాయి. నీ బాతు రాళ్ల మీద కూర్చోనుండాది. జరుగు."

జేజి అడ్డం నిలబడింది గానీ ఆమె గొంతు ముందున్నంత గట్టిగా లేదు. బాతు పెరట్లోకి పోయే వేళ దాకా ఆగమంది. ఇత్తడి బోకెలో గోరువెచ్చటి నీళ్లు పోసి, గూట్లోంచి ఒక గుడ్డు తీసుకొచ్చి మెల్లగా వదిలింది. మేమంతా చుట్టూ మూగాం. గుడ్డు కాసేపు ఊరికే తేలింది. నీళ్లు నిలకడగా అయ్యాయి. అప్పుడు గుడ్డు తనంతట తనే ఒక పక్కకు కుదుపు ఇచ్చింది. నీటి మీద సన్నటి వలయం లేచింది. కాసేపాగి మళ్లీ కుదిపింది. అత్త నా భుజం గట్టిగా పట్టుకుంది.

అబ్బ గంప కింద పెట్టాడు. "అయితే ఇంకా ఎన్ని దినాలు?"

"నాకేం తెలుసప్పా? ఇది కోడి గాదు గదా" అంది జేజి. అన్నాక ఆమెకే అర్థమైంది. మూడు వారాలనేది కోడి లెక్క. బాతు నెల దాకా కూర్చుంటుందని కోళ్లను తప్ప ఎరగని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? కోడి లెక్క కట్టుకుని మగ్గం ఆపుకున్నాం. ఇప్పుడు పెళ్లి దగ్గర పడింది, చీర మూరెడే ఉంది.

అబ్బ చాలాసేపు బోకె వైపే చూశాడు. ఆ కుదుపు చూశాక ఆ గంప ఎత్తడం ఆయన వల్ల కాలేదు, బిడ్డ చీర వదులుకోవడం కూడా ఆయన వల్ల కాదు. చివరికి, "సరే. అది దాని పని చేసుకుంటాది, నేను నా పని చేసుకుంటా" అని పంచె ఎగ్గట్టి గుంతలోకి కాళ్లు దించాడు. దించీ దించగానే బాతు పిక్క పట్టుకుంది. ఆ రోజు మా అబ్బ నోట కొత్త మాటలు ఎన్నో నేర్చుకున్నాను. అత్త పాత చీర చింపి, ఆయన కాళ్లకు పాదాల నుంచి మోకాళ్ల దాకా పోలీసుల పట్టీల మాదిరి చుట్టింది. అట్లా కట్టుకుని మళ్లీ దిగాడు. మొదటి రోజు నేసింది జానెడు ఉంటే గొప్ప. అది బుసకొట్టడం, ఈయన ఆగడం, ఇదే సరిపోయింది. అలవాటుగా టపటపా తొక్కే మనిషి చెక్కను చప్పుడు కాకుండా నొక్కి, చప్పుడు కాకుండా వదిలేవాడు. రెండు రోజులకు దానికి ఈ కాళ్లు తన గూటి స్తంభాలే అనిపించాయేమో, పొడవడం మానేసింది. ఆ తర్వాత పని ఊపందుకుంది. ఇంకో విచిత్రం, అబ్బ దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు. "పోగు తెగింది, ఉండు." "నీకేం, కూర్చోని తింటాండావు." "ఈ పొద్దు ఎండ శానా ఉండాదే, నీళ్లు సల్లుదునా?" అరవై ఏళ్ల మనిషి, జేజితో ఏడాదికి కూడా అన్ని మాటలు ఆడింది లేదు. జేజి వంటింట్లోంచి విని మూతి తిప్పుకునేది, కానీ ఆయన కంచంలో నెయ్యి మాత్రం ఎక్కువ పోసేది.

పెళ్లికి ముందు రోజు. సాయంత్రం అందరం ఒంటిమిట్టకు బయలుదేరాలి, పొద్దున్నే ముహూర్తం. చీర ఒళ్లంతా అయిపోయింది. ఎర్రకొంగు మొదలై జానెడు దిగింది, ఇంకా మూరెడు పైన నేయాలి. తీరిక లేకుండా కూర్చుంటే మధ్యాహ్నానికి అవుతుంది. అబ్బ తెల్లవారుతూనే మగ్గం ఎక్కాడు, నేను కండెలు అందిస్తున్నాను. ఉన్నట్టుండి నాడె చేతిలోనే ఆపేసి, చేయి ఎత్తి నన్ను ఊరుకోమన్నాడు.

"కింద ఏమో అంటాండాయి" అన్నాడు.

నేను గట్టు మీద బోర్లా పడుకుని చెవి పెట్టాను. గుడ్ల లోపలి నుంచి సన్నగా కిచకిచలు. బాతు ఏనాడూ చేయని ఒక చప్పుడు చేస్తోంది, గొంతులోనే, మెల్లగా, బదులు చెబుతున్నట్టు. జేజి వచ్చేసరికి రెండు గుడ్లు చిట్లాయి. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి మూడు పిల్లలు బయటపడ్డాయి, తడిసి ముద్దగా. ఒకటి తల్లి కిందినుంచి పాకుతూ వచ్చి కుడి చెక్క కిందికి చేరింది. అబ్బ ఎత్తిన పాదం ఎత్తినట్టే ఆపాడు. తర్వాత రెండు కాళ్లూ మెల్లగా పైకి తీసుకుని గట్టు మీద సకలముకలం వేసుకుని కూర్చున్నాడు.

గంపలోకి ఎత్తి పెడదామంది అమ్మ. జేజి తల అడ్డంగా ఊపింది. "ఇంకా సగం గుడ్లు విచ్చల్యా. ఇప్పుడు కదిలిస్తే తల్లి బెదిరి లేస్తాది, విచ్చనివి అట్లనే పోతాయి. రేపటికి గానీ ముట్టుకునేదానికి ల్యా." ఈసారి ఆమె గొంతులో పంతం లేదు. తన కూతురి పెళ్లిచీర అది, ఆమెకు మాత్రం తెలియదా? గోడకు ఆనుకుని నిలబడింది.

అబ్బ లోపలికి చూసి పిలిచాడు. అత్త నలుగు పెట్టుకున్న ఒంటితో, పసుపు ముఖంతో వచ్చింది.

"ఓబులమ్మా, చీర నీది. నువ్వు చెప్పు. తొక్కమంటే తొక్కుతా."

అత్త వంగి గుంతలోకి చూసింది. చెక్క కింద ఆ పిల్ల నిలబడబోయి పడింది, మళ్లీ నిలబడబోయి పడింది. తర్వాత ఆమె మగ్గం మీది ఎర్రకొంగును అరచేత్తో ఒకసారి నిమిరింది. ఎంతసేపు నిమిరిందో. ఆమె కళ్లనిండా నీళ్లు. నాకు భయమేసింది, తొక్కమంటుందని ఒకపక్క, తొక్కొద్దంటుందని ఒకపక్క.

"కోసేయ్ నాయనా" అంది.

"కొంగు పొట్టయితాది బిడ్డా."

"కానీలే. నడిచేటప్పుడు కాలికి అడ్డం పడదు."

చీర కొలతకు బెత్తెడు తగ్గితే పక్క మగ్గాల వాళ్లను సిగ్గుపడేలా తిట్టే మనిషి మా అబ్బ. కత్తి తీసుకున్నాడు. అక్కడికే చీర కోసి అత్త చేతిలో పెట్టాడు. అత్త ఆ చీర చుట్ట పట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. లోపల ఏడ్చింది, మాకు వినపడింది. సాయంత్రం బయటికి వచ్చేటప్పటికి మాత్రం ముఖం కడుక్కుని, మామూలుగా అందరితో కొట్లాడుతూ బస్సెక్కింది. పిల్లల్ని చూసుకోవడానికి పక్కింటావిడను పెట్టి జేజి కూడా వచ్చింది.

ఒంటిమిట్టలో పెళ్లికూతురికి చీర కడుతున్నారు. కొంగు భుజం మీంచి దిగి నడుము దాటి ఆగిపోయింది. మగపెళ్లివారి ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తకు కాబోయే అత్తగారు, బాగా లావుపాటి మనిషి, తాంబూలం నములుతూ అడగనే అడిగింది.

"ఏందమ్మా ఇది? నేసేటోళ్లింటి బిడ్డవు. నీకే కొంగు తక్కువ పడిందా?"

జేజి తల దించుకుంది. అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. పెళ్లికూతురు నోరు తెరవకూడదు గానీ మా అత్తకు అటువంటివి ఎప్పుడు పట్టాయి?

"మా ఇంట్లో పురుడొచ్చింది అత్తా. మా నాయన మగ్గం దిగాల్సొచ్చింది."

"పురుడా? ఎవురికి?"

"బాతుకు."

ఆమె నమలడం ఆపేసింది. అత్త అక్కడికక్కడే, తలవంచుకుని పెళ్లికూతురిలా కూర్చునే, కథంతా చెప్పింది, అబ్బ పిక్క కరవడంతో సహా. అత్తగారు నవ్వి నవ్వి తాంబూలం కొంగులో పడేసుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ మాటామాటా వచ్చిందని నేను వినలేదు. పెళ్లయిన రెండు నెలలకు ఆవిడే మా ఊరికి వచ్చి, ఆ పురిటి పిల్లల్లో రెండింటిని గంపలో పెట్టుకుని రాయచోటి బస్సెక్కింది.

మేం ఇంటికి వచ్చేసరికి గుంత నిండా పసుప్పచ్చటి నూగు. అబ్బ గుంతలోకి ఏటవాలుగా ఒక పలక దించాడు. కుంటి బాతు ముందు ఎక్కి గట్టు మీద నిలబడి పిలిచింది. పిల్లలు ఒకటి వెనక ఒకటి ఎక్కుతూ, జారుతూ, మళ్లీ ఎక్కుతూ, అందరి కాళ్ల మధ్యనుంచి పెరట్లోకి పోయాయి. అబ్బ గూడు తీసేసి, ఇసుక మార్చి, మగ్గం మీద మిగిలిపోయిన ఆ ఎర్రకొంగు ముక్క నేశాడు. ఏం చేయాలో తోచక తువ్వాలుగా భుజాన వేసుకున్నాడు. జరీ గీతల పెండ్లి తువ్వాలు వేసుకుని ఆయన వీధిలో పోతుంటే, "ఏమప్పా, మళ్లీ పెండ్లికొడుకువైనావా?" అని అడగనివాళ్లు లేరు. అంత కోపం మనిషీ, ఆ మాటకు మాత్రం ఎన్నడూ కోపం తెచ్చుకోలేదు.

కథ విని శిరీష కాసేపు తన పెట్టె వైపు చూసింది. "దీనివల్ల ఎవురికీ ఏ ఇబ్బందీ లేదు పెద్దమ్మా" అంది, తప్పు చేసినదానిలా. నిజమే, లేదు. నేనేమీ ఆ రోజులే మంచివని అనను. ఆ ఏడు అన్ని గుడ్లూ దిగలేదు, శిరీష పెట్టెలో దాదాపు అన్నీ దిగుతాయట. బాతు ఎవరినీ కరవదు, ఎవరి పనీ ఆగదు, పెళ్లికూతురు కొంగు కోయించుకోనక్కరలేదు. ఒకటి మాత్రం గమనించాను. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆ పిల్ల లేచి వెళ్లి పెట్టె మూతకు చెవి ఆనించి వింటోంది. ఇంకా కిచకిచలు రాలేదట. పొద్దున లేవగానే ఒకసారి, పడుకునేముందు ఒకసారి వింటుందట. నాకు తృప్తిగా అనిపించింది. ఆ ఇంట్లో వినే మనిషి ఒకరు ఉంటే చాలు, గుంత ఉన్నా పెట్టె ఉన్నా ఒకటే.

"ఆ చీర ఇంకా ఉండాదా?" అని అడిగింది. రాయచోటికే ఫోన్ చేసి అడుగుదామన్నాను. అత్తకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది, చెవులు కాస్త మందం, నవ్వు మాత్రం అట్లాగే ఉంది. శిరీష స్పీకర్ పెట్టి గట్టిగా అరిచింది.

"అవ్వా, నీ పెండ్లిచీర యాడుండాది? పొట్టికొంగుది!"

"యాడుంటాది తల్లీ, ఎప్పుడో చినిగిపాయ!" ఇల్లంతా వినపడేలా నవ్వింది అత్త. "నా ముగ్గురు బిడ్డల్నీ దాంట్లోనే ఊపినా. మా అత్త చీర ఉయ్యాల కడితే నేలకు ఆనేది, బిడ్డకు సల్లదనం తగిలేది. నాదైతే దూలానికి ముడేస్తే సరిగ్గా నా నడుము ఎత్తుకు వచ్చేది, ఒంగే పని ల్యా. ఆ పొద్దు తలుపేసుకోని ఎంత ఏడిస్తినో పిచ్చిదాన్ని! అంతకన్నా మూరెడు పొడుగుండింటే ఏం చేసుకుందును?"